తడి బొగ్గు

ఆగస్టు 18

ఈ రోజు మా వీధి ఫిల్టరులో బొగ్గు మార్చినాం. అమల మేడం తిరుపతి నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. యూనివర్సిటీలో ఆమె పరిశోధనంతా ఈ బొగ్గు మీదనే. చిత్తూరు చుట్టూ ఉండే గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే మామిడి టెంకల్ని ఎండబెట్టి, ఇనుము కలిపిన నీళ్ళల్లో నానబెట్టి, గాలి దూరని డబ్బాలో పెట్టి కాలుస్తారంట. మా వీధి బోరు నీళ్ళల్లో ఉండే ఆర్సెనిక్కును ఈ బొగ్గు పట్టి పెట్టుకుంటాది. దాన్ని తెలుగులో పాషాణం అంటారని మేడం చెప్తే, అమ్మీ "సంఖియా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. అత్త అని పిలిస్తే ఆమెకు నచ్చదు. పెళ్ళైనప్పటి నుంచి మా ఆయన అజ్మల్‌కు మాదిరే నాకూ అమ్మీనే.

ఫిల్టరు చూసుకునే పని నాది. వాడేసిన బొగ్గును పారతో ఎత్తి మా దొడ్లో నీలం డ్రమ్ములో పోసి మూత బిగించినాం. మేడం నాకు రబ్బరు గ్లౌజులు ఇచ్చి గట్టిగా చెప్పింది.

"సబియా, ఇప్పుడిది బొగ్గు కాదు. ఈ వీధంతా తాగాల్సిన విషం దీంట్లో కూర్చోని ఉంది. పొయ్యిలో వేయొద్దు, చెట్లకు వేయొద్దు, వట్టి చేత్తో ముట్టొద్దు. డ్రమ్ము నిండినాక నేను తీసుకుపోయి సిమెంటులో కలిపి ఇటుకలు పోస్తా. అంతవరకు నీదే బాధ్యత."

సరే అన్నాను.

కొత్త బొగ్గు మీద మొదటి చెంబు పోస్తే సన్నగా చిటచిటమనింది. ఎన్నో చిన్న నోళ్ళు ఒకేసారి నీళ్ళు పీల్చుకున్నట్ల. మేడం వినలేదు. ఫోన్లో మాట్లాడతా ఉండాది.

ఇంకొకటి. డ్రమ్ములో తడి బొగ్గు పోసేటప్పుడు ఒక వాసన వచ్చింది. తొలి వాన పడినప్పుడు మట్టిగోడలోంచి వచ్చే వాసన మాదిరి, కానీ ఇంకా లోపలిది. నాకిప్పుడు మూడో నెల. అన్నం గిన్నె మూత తీస్తేనే వాంతి చేసుకుంటా ఉండాను. ఆ వాసనకు మాత్రం నోట్లో నీళ్ళూరినాయి.

ఆగస్టు 20

వాసన పోలేదు. మళ్ళా మళ్ళా చేతులు కడుక్కున్నాను. చేతుల్లో లేదు.

ఆగస్టు 27

మిగిలిపోయిన కొత్త బొగ్గు సంచి వంటింటి మూలలో ఉండాది. కొత్తది, ఇంకా నీళ్ళు తగలనిది. ఒక చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను. నమిలి ఉమ్మేసినాను.

దీంట్లో ఏముండాది, టెంక. చిన్నప్పుడు అందరం బొగ్గుతోనే గదా పళ్ళు తోముకునింది. అమ్మీ ఇప్పటికీ నల్ల పళ్ళపొడితోనే తోముతాది. కడుపుతో ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క యావ. మా అక్క బలపాలు తినింది, ఆమె కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు.

మింగలేదు. కొంచెం మింగినానేమో.

సెప్టెంబరు 4

ఎదురింటి తిరుమలమ్మ రెండు బిందెలు పట్టుకునింది. ఆమె అరిచేతుల నిండా గట్టి బుడిపెలు, జొన్నగింజలు అతికించినట్ల. కూలిపనికి కాయలు కాసినాయనే ఇన్నేళ్ళూ అనుకునింది. ఆ చేతులు చూసిన డాక్టరు అనుమానపడితేనే మా బోరు నీళ్ళు పరీక్షకు పోయినాయి, అమల మేడం వచ్చింది.

"పాపా, ఈ నీళ్ళకు రుచే లేకుండా పోయిందే" అనింది.

"రుచి లేకుంటేనే మంచిదంట."

నా కడుపు వైపు చూసింది. నేను వీధిలో ఎవరికీ చెప్పలేదు, ఆమెకు ఎట్ల తెలిసిందో. "ఈసారి నిలస్తాది. నీళ్ళు మారినాయి గదా" అని బిందె చంకకెత్తుకునింది.

ముందు రెండు పోయినాయి. బోరు నీళ్ళ వల్లనేనా అంటే ఏ డాక్టరూ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

కొత్త బొగ్గు సంచి సగమైంది. అది ఎంత తిన్నా తిన్నట్ల ఉండదు. గాలి నమిలినట్ల.

సెప్టెంబరు 9

దొడ్లోకి పోలేదు.

సెప్టెంబరు 10

పోలేదు.

సెప్టెంబరు 11

బట్టలు ఆరేసేదానికి పోవాల గదా. పోయినాను. డ్రమ్ము మూత బిగువుగా ఉండాదా లేదా అని చూసినాను. చూసుకోవడం నా పనే.

సెప్టెంబరు 13

బయట అంత ఎండ, లోపల చేయి పెడితే చల్లగా ఉండాది. ఒకటే ముక్క. చిక్కుడు గింజంత. కడిగినాను. కడిగితే పోతాది గదా.

వాన మాదిరి ఉండాది. వేరే ఎట్ల రాయాలో తెలీదు.

సెప్టెంబరు 22

అజ్మల్ అంగడి నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దంతా పరుపులు కుట్టి వస్తాడు, కనురెప్పల మీద కూడా దూది ఉంటాది. నేను ఆ దూది తీస్తా ఉంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"తెల్లగడ్డ తిన్నావా?"

"తెల్లగడ్డ వాసన పడక గదా కూరలో కూడా వేయడం మానేసినా."

"మరి గుప్పుమంటా ఉండాది."

పళ్ళు తోముకుని వచ్చినాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

అక్టోబరు 1

ఇంట్లో ఉండే తెల్లగడ్డలన్నీ ఏరి ఎదురింట్లో ఇచ్చేసినాను. గూట్లో ఒక్క పొట్టు కూడా లేకుండా ఊడ్చినాను. తలుపులు తెరిచి పెట్టినాను, సాంబ్రాణి వేసినాను. వాసన ఉండాది. నేను వంటింట్లో ఉంటే వంటింట్లో ఉంటాది, ముందర గదిలోకి వస్తే అక్కడికి వస్తాది. అమ్మీ నా పక్కన నమాజు చాప పరుచుకునేది, ఈమధ్య కొంచెం ఎడంగా పరుచుకుంటా ఉండాది.

నాకు మాత్రం తెలీడం లేదు. వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకుంటా ఉండాను.

అమ్మీ పళ్ళపొడితోనే తోముకుంటా ఉండాను ఇప్పుడు. ఆ పొడితో తోమితే పళ్ళ సందుల్లో నల్లగా ఉన్నా ఎవరూ ఏమీ అడగరు.

అక్టోబరు 7

బిడ్డ కదిలింది! ఐదో నెల. కడుపులో చేపపిల్ల తోక కొట్టినట్ల.

డ్రమ్ము తావ నిలబడి ఉండాను అప్పుడు. లోపలికి వచ్చినాక చానాసేపు చేయి పెట్టుకుని కూర్చున్నాను, కదల్లేదు. మళ్ళా దొడ్లోకి పోయినాను. కదిలింది.

దానికీ ఇష్టమే.

అక్టోబరు 16

డ్రమ్ము మూత మీద వేలిముద్రలు. నల్లగా, సన్నగా, చిన్న చేతులవి మాదిరి. తుడిచినాను. మద్యాన్నం పోతే మళ్ళా ఉండాయి. మూత కూడా పక్కకు జరిగి ఉండాది. నేను పొద్దున ఒక్క మారే పోయినాను, ఒక్క ముక్కే తీసుకున్నాను, మూత గట్టిగా పెట్టినాను. బాగా జ్ఞాపకం.

ఎవరో వస్తా ఉండారు.

పిల్లి అయితే వేలిముద్రలు ఉండవు. గోడ ఎత్తు, వీధి పిల్లలు దూకలేరు. అమ్మీని అడిగినాను, దొడ్లోకి ఎవరైనా వచ్చినారా అని. ఆమె బియ్యం ఏరతా ఉండాది. తల ఎత్తకుండానే, "నువ్వు తప్ప ఎవరు వస్తారు?" అనింది.

పాదాలు తిమ్మిరి పడతా ఉండాయి. చీమలు పాకినట్ల. కడుపుతో ఉంటే అందరికీ అంతే.

అక్టోబరు 25

మేడం వీధిలో అందరి వెంట్రుకలూ కత్తిరించుకుని పోయింది. ఫిల్టరు పెట్టకముందు ఒకసారి తీసుకున్నది గదా, ఇప్పుడు దాంతో పోల్చి చూస్తారంట. ఒంట్లోకి పోయిన ఆర్సెనిక్కు వెంట్రుకల్లో చేరి అట్లనే ఉండిపోతాదంట. అమ్మీ పలమనేరులో కూతురింట్లో ఉండాది, ఆమెవి దొరకలేదు.

"దువ్వెనలో రాలినవి ఇస్తే చాలదా మేడం?" అని అడిగినాను.

"చాలదు. మొదలు తావ కత్తిరించాల. కొత్తగా పెరిగింది అదే గదా."

మెడ వెనక కత్తెర చల్లగా తగిలింది. అందరివీ తీసుకున్నట్లే తీసుకునింది. నాకేం భయం, నేనూ ఆ ఫిల్టరు నీళ్ళే గదా తాగేది.

నవంబరు 9

మేడం ఈసారి చెప్పకుండా వచ్చింది. తిరుమలమ్మ నీళ్ళు పట్టుకుంటా ఉండాది, అజ్మల్ అప్పుడే అన్నానికి వచ్చినాడు. అందరి ముందరే చెప్పింది.

"అందరిదీ తగ్గింది. తిరుమలమ్మది సగానికి దిగింది. ఒక్క సబియాది పెరిగింది. కొంచెం కాదు, ముందరికన్నా ఎన్నో ఇంతలు. తప్పేమో అని రెండోసారి చేసి చూసినా. అంతే వచ్చింది."

కొళాయి కింద బిందె నిండి పొర్లిపోయింది.

"ఫిల్టరు నీళ్ళు కూడా మళ్ళా చూసినా. శుభ్రంగా ఉన్నాయి. నీళ్ళల్లో లేదు, ఈమె ఒంట్లో ఉంది. యాడ నుంచి వస్తా ఉంది సబియా?"

"నాకేం తెలుసు మేడం" అన్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకోబోయి ఆగిపోయింది. ముఖం తెల్లబోయింది.

"తెల్లగడ్డ తిన్నావా?"

"తినదు మేడం, ఇంట్లో తెల్లగడ్డే లేదు" అన్నాడు అజ్మల్. "అయినా ఈ వాసన రోజూ ఉండాది."

"పాషాణం ఒంట్లో ఎక్కువగా చేరితే ఊపిరికి తెల్లగడ్డ వాసన వస్తాదని చదువుకున్నా. మనిషిలో ఇంతవరకు చూడలేదు" అనింది మేడం. నాతో కాదు, తనలో తాను చెప్పుకున్నట్ల.

వాళ్ళ ప్రొఫెసరు ఫిల్టరు ఆపమన్నాడంట. అందరికన్నా ఎక్కువగా ఆ నీళ్ళు తాగేది నేనే, బొగ్గు పట్టుకున్న విషాన్ని ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వదులుతా ఉందేమో, కారణం తెలిసేవరకు ఎవరూ తాగకూడదని. మేడం కొళాయికి ఇనుప తీగ చుట్టింది.

"ఆపితే మేం యాడికి పోవాల మేడం?" అనింది తిరుమలమ్మ. "క్యాన్లు కొనేంత ఉంటే ఈ బిందె ఎందుకు మోస్తాను? మళ్ళా ఆ బోరేనా?"

తిరుమలమ్మ రెండు చేతులూ చాచి చూపించి, "ఇప్పుడిప్పుడే మెత్తబడతా ఉండాయి" అనింది.

నవంబరు 10

పొద్దున మేడం మళ్ళా వచ్చింది. రాత్రంతా ఆలోచన చేసిందంట. నేరుగా దొడ్లోకి పోయి డ్రమ్ము మూత తీసింది. లోపలికి చూసి నిలబడిపోయింది. పోసిన బొగ్గులో చానా భాగం లేదు.

"ఎవరు తీసినారు దీన్ని?"

అజ్మల్ స్నానాల గది గోడ మీద ఉండే పళ్ళపొడి డబ్బా వైపు చూసినాడు. తర్వాత అమ్మీ వైపు చూసినాడు.

"అమ్మీ, పొడి ఎట్ల చేసినావు ఈసారి?"

అమ్మీ కొంగు సర్దుకునింది.

"సబియా కూడా ఆ పొడితోనే తోముకుంటా ఉండాది. దాని కడుపులో బిడ్డ ఉండాది అమ్మీ!" అని డబ్బా తీసి గోడకేసి కొట్టినాడు. నల్లపొడి సున్నం మీద చిమ్మింది. అమ్మ ముందర ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

అమ్మీ వంగి డబ్బా తీసుకునింది. నిదానంగా లేచి నన్ను ఒక్కసారి చూసింది.

"అవును. నేనే తీసినా" అనింది.

మేడం డబ్బాలో మిగిలిన పొడి పరీక్షకు తీసుకుని పోయింది.

ఆమే చెప్పింది గదా. తన నోటితోనే చెప్పింది. తీసే ఉంటాది. మూత మీద ముద్రలు అమ్మీవే. ముసలి చేతులు కూడా సన్నగానే ఉంటాయి.

నవంబరు 12

వీధి గమ్మునుండాది. బోరు చప్పుడు ఒక్కటే. తిరుమలమ్మ మా ముందర నుంచే పోయి బోరు తావ బిందె పెట్టుకునింది. నన్ను చూడలేదు.

అజ్మల్ అమ్మీతో మాట్లాడడం లేదు. అమ్మీ మద్యాన్నం నమాజు అయినాక స్టూలు తీసుకుపోయి డ్రమ్ముకు ఆనుకుని కూర్చుంటా ఉండాది, తస్బీ పూసలు తిప్పుకుంటా. నేను బట్టలు ఆరేసేదానికి పోతే కూడా లేయదు. డ్రమ్ములోంచి ఎండకు టక్ టక్‌మని చప్పుడు వస్తాది. ఆమెకు వినిపించదు. నాకు ముందర గదిలో కూర్చున్నా వినిపిస్తాది.

నవంబరు 13

కూర్చునే ఉండాది.

నవంబరు 15

మేడం ఫోను చేసింది. అమ్మీ పళ్ళపొడిలో ఏమీ లేదంట. మామూలు బొగ్గు, ఉప్పు.

"ఆమె అబద్ధం ఎందుకు చెప్పింది సబియా?"

తెలీదన్నాను.

"కారణం దొరకలేదని రాసి పంపిస్తా ఉన్నారు. సోమవారం వచ్చి ఫిల్టరు విప్పేస్తారు. నా నాలుగేళ్ళ పని. పని పోతే పోయింది, ఆ వీధి…" అని ఆగిపోయింది. ఏడుస్తా ఉందేమో. పెట్టేసినాను.

నవంబరు 16

ఇప్పుడే రాయాల. ఇది కూడా రేపటికి వేరే మాదిరి జ్ఞాపకం ఉంటే ఎట్ల?

మద్యాన్నం అమ్మీ స్టూలు ఖాళీగా ఉండాది. నమాజులో ఉండాదనుకుని దొడ్లోకి పోయినాను. ఒక్క ముక్కకే పోయినాను. మూత తీసినాను. చల్లగా తగిలింది. నోట్లో పెట్టుకున్నాను.

"సబియా."

తిరిగి చూస్తే అమ్మీ. నా పక్కనే, చేయి చాస్తే తగిలేంత దగ్గర. ఆమె కొంగంతా తడిసి ఉండాది. ఏడ్చి.

"ఇప్పటికి వినిపించిందా? ఎంతసేపటి నుంచి పిలుస్తా ఉండాను."

ఇప్పుడే గదా వచ్చినాను అన్నాను. అమ్మీ నా చేతుల వైపు చూపించింది. మోచేతుల వరకు నలుపు. ఒడి నిండా బొగ్గు. మోకాళ్ళ మీద కూర్చోని ఉండాను. ఎండ గోడ దిగిపోయింది. నేను వచ్చినప్పుడు అది నడినెత్తిన ఉండాది.

"పోయిన నెల నుంచి చూస్తా ఉండాను బేటీ" అనింది అమ్మీ. "ఒకసారి కాదు. మూత తీస్తావు, కూర్చుంటావు, ఒక్కొక్క ముక్కే తీసి నోట్లో పెట్టుకుంటావు. తిను, తిను అంటావు. బిడ్డకు పెట్టినట్ల. నేను నీ ముందర నిలబడినా. నా కళ్ళల్లోకి చూసినావు. నీ కళ్ళల్లో నువ్వు లేవు. భయమేసి నేనే వెనక్కి పోయినా."

నాకు అదేమీ జ్ఞాపకం లేదు. రోజుకు ఒక్క ముక్క. అంతే జ్ఞాపకం. ఈ డైరీలో కూడా అంతే రాసుకున్నాను.

"మరి ఆ రోజు ఎందుకు నీ మీద వేసుకున్నావు అమ్మీ?"

"వాడి కోపం నీ మీద పడితే నువ్వు తట్టుకోలేవు. నా మీద పడితే ఏమైతాది, నేను కన్న కొడుకే గదా." నా నోట్లో వేలు పెట్టి నల్లదంతా తీసేసింది, చిన్నపిల్లకు తీసినట్ల. "నువ్వే చెప్తావని కాచుకున్నా. సోమవారం అంటా ఉండారు. ఇంక కాచుకోలేను."

దొడ్లోనే కూర్చోబెట్టి కుండ నీళ్ళతో నోరు, చేతులు కడిగింది. నేను డ్రమ్ము వైపే చూస్తా ఉండాను. ఏడుస్తా ఉండాను, చూస్తా ఉండాను. రెండూ ఒకేసారి.

నవంబరు 17

పొద్దున అజ్మల్‌కు చెప్పినాను. పక్కన అమ్మీ కూర్చునింది. ఆయన లేచి బయటికి పోయినాడు. ఇంక రాడేమో అనుకున్నాను. అరగంటకు వచ్చినాడు, చేతిలో కొత్త పళ్ళపొడి డబ్బా. అమ్మీ ముందర పెట్టి నేల మీద కూర్చోని ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"లేయ్, దాన్ని ఆసుపత్రికి తీసుకుపో. నా కాళ్ళు యాడికీ పోవు" అనింది ఆమె.

మేడంకు ఫోనులో చెప్పినాను. అంతా. ముద్రలు, యావ, తిను తిను. ఆమె మొదట కోప్పడలేదు. ఎన్నాళ్ళ నుంచి, ఎంత, ఏ బొగ్గు అని అడిగింది. తర్వాత అరిచింది. తర్వాత, "బయలుదేరండి, నేను తిరుపతి బస్టాండులో ఉంటా" అనింది.

నవంబరు 24, తిరుపతి

కాన్పుల ఆసుపత్రి. కిటికీలోంచి కొండ కనిపిస్తాది.

డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "రక్తమే లేదు కదమ్మా నీకు" అనింది. ఇనుము లేనివాళ్ళకు మట్టి, బలపం, బూడిద తినాలనిపిస్తాదంట. పిచ్చి కాదంట, దయ్యం కాదంట. మేడం నా మంచం మీద కూర్చోని ఒక మాట చెప్పింది.

"విషాన్ని పట్టుకునేదానికి ఆ బొగ్గుకు మేమే ఇనుము పూసినాం. నీ ఒళ్ళు ఇనుము కోసం వెతుక్కుంటా ఉందేమో. మాకు ఆ ఆలోచనే రాలేదు. డ్రమ్ముకు తాళం కూడా వేయలేదు."

రోజు విడిచి రోజు ఇనుము ఎక్కిస్తా ఉండారు. కడుపుతో ఉన్నప్పుడు పాషాణానికి మందు ఇవ్వలేమని, మానేయడమే మందని చెప్పినారు. స్కానింగులో బిడ్డ చిన్నగా ఉండాది, గుండె కొట్టుకుంటా ఉండాది.

యావ పోలేదు. ఈడ గోడకు కొత్తగా సున్నం కొట్టినారు. మంచం ఆ గోడ నుంచి జరిపించమని నేనే అడిగినాను.

నవంబరు 29

అన్నానికి రుచి తెలిసింది. చారన్నం. రెండోసారి పెట్టించుకున్నాను.

డిసెంబరు 6

ఇంటికి వచ్చినాను. కొళాయికి తీగ లేదు. నేను చెప్పింది రాసుకుని, నీళ్ళు మళ్ళా పరీక్ష చేసి తెరిచినారంట. దొడ్లో డ్రమ్ము లేదు. మేడం కాగితాల్లో నా పేరు రాయలేదు. వీధిలో ఎవరికీ చెప్పలేదు.

నేనే పోయి తిరుమలమ్మకు చెప్పినాను. ఆమె బట్టలు మడత పెడతా ఉండాది. విన్నంతసేపూ చేయి ఆపలేదు.

"అంటే, నువ్వు తిన్నదానికి మేమంతా ఆ బోరు నీళ్ళు తాగినాం."

"అవును."

"నీళ్ళు చూసుకొమ్మని నీకిచ్చినారు."

"అవునక్కా."

"నా మనవడు తాగినాడు పాపా, ఆ వారమంతా. వాడికి మూడేండ్లు." నేను తలుపు తావకు వచ్చినాక, "ఆ పని ఇంక నువ్వు చేయొద్దు. నేను చేస్తా" అనింది.

సరే అన్నాను. ఫిల్టరు తాళంచెవి ఆమె చేతిలో పెట్టినాను.

జనవరి 19

తెల్లగడ్డ వేసి చారు పెట్టినాను. అజ్మల్ పక్కన కూర్చోని తిన్నాడు. ఈసారి వాసన చారులోంచే వచ్చింది.

పాదాల్లో తిమ్మిరి ఉండాది. తగ్గేదానికి చానా కాలం పడతాదంట, కొంచెం మిగిలినా మిగులుతాదంట.

ఫిబ్రవరి 10

ఆడపిల్ల. తిరుపతిలోనే. తూకం తక్కువ, కానీ ఏడ్చింది. గదిలో అందరూ ఆగి విన్నారు. అజ్మల్ దాని చెవిలో అజాన్ చెప్పినాడు. పేరు అనీసా.

పాలు ఇవ్వొచ్చా అని డాక్టరమ్మను అడిగినాను. ఇవ్వొచ్చు, పాలల్లోకి పెద్దగా రాదని చెప్పింది. మళ్ళా అడిగినాను. మళ్ళా అదే చెప్పింది. మొదటిసారి బిడ్డ నోరు పెట్టినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

ఫిబ్రవరి 16

ఏడో రోజు. గుండు చేయించినాం. ఆ వెంట్రుకల్ని తూచి అంత వెండి దానం ఇచ్చి, వెంట్రుకల్ని మట్టిలో పూడ్చడం మా వాళ్ళ పద్ధతి. మేడం గడప బయటే నిలబడింది. అడగలేక అడిగింది, కొన్ని పరీక్షకు ఇస్తారా అని.

అజ్మల్ నన్ను చూసినాడు. నాకు వద్దు అనాలని ఉండాది. నేను చేసింది ఆ సన్న వెంట్రుకల్లో ఉంటే, నాకు చూడాలని లేదు.

అమ్మీ తూచి, గుడ్డలో చుట్టి, అంతా మేడం చేతిలోనే పెట్టింది.

"పూడ్చేదానికి కొన్ని ఉంచుకోండమ్మా" అనింది మేడం.

"మట్టిలో పెడితే మట్టికి తెలుస్తాది. మాకు తెలియాల" అనింది అమ్మీ.

మార్చి 8

మేడం ఫోను చేసినప్పుడు బిడ్డ పాలు తాగతా ఉండాది. ఒక చేత్తో ఫోను పట్టుకున్నాను.

"అబద్ధం చెప్పను సబియా. ఉంది. పాప వెంట్రుకల్లో ఉంది. నేను భయపడినంత లేదు. ఆ రోజే నీవీ తీసుకున్నా గదా, నీ వెంట్రుకల్లో కొత్తగా వచ్చిన మొదళ్ళలో బాగా తగ్గింది, పాపకూ తగ్గుతాది. కానీ ఏడాదికొకసారి చూపించాల. నడక, మాట, చదువు, అన్నీ కనిపెట్టుకుని ఉండాల."

అమ్మీ వాకిట్లోంచి కళ్ళతోనే అడిగింది.

"ఉండాదంట" అన్నాను.

ఆమె లోపలికి వచ్చి నా పక్కన కూర్చునింది. బిడ్డ గుండు మీద అరిచేయి పెట్టింది. అట్లనే పెట్టుకుని కూర్చునింది. నేను ఏడుస్తానేమో అని చూసింది. ఏడుపు రాలేదు. పాప పెద్దదైనాక ఎవరు చెప్తారు దానికి అని అడిగినాను.

"నువ్వే" అనింది.

ఒక పక్క పాలు అయిపోయినా బిడ్డ విడవలేదు. చిగుళ్ళతో గట్టిగా పట్టుకునింది. నొప్పికి పళ్ళు బిగించి, మెల్లగా విడిపించి రెండో పక్కకు మార్చుకున్నాను.

"ఎంత ఆకలే దీనికి!" అని అమ్మీ నవ్వింది.

ఫోన్లో మేడం ఇంకా ఏదో చెప్తానే ఉండాది. బిడ్డ కళ్ళు పెద్దగా తెరిచి, నన్నే చూస్తా, ఆగకుండా తాగతానే ఉండాది.